రెండు నిమిషాలు ఆగు

మా ఉద్యోగాల్లో ఎవరైనా రాజీనామా చేశారంటే, ఎందుకు వెళ్తున్నారో ఎక్కడికి వెళ్తున్నారో అడగకముందే మేనేజర్ నోట ఒక మాట వస్తుంది: కేటీ. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్న పెద్దమాటకి పొట్టిపేరు. హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునేవాళ్లలో ఆ మాట తెలియనివాళ్లుండరు. పదేళ్లు ఒక సిస్టమ్‌తో కాపురం చేసిన మనిషి, నోటీస్ పీరియడ్ చివరి రెండు వారాల్లో, రోజుకో గంట మీటింగ్ రూములో కూర్చుని తనకు తెలిసినదంతా ఇంకొకరి తలలోకి ఒంపాలి. వినేవాడు తలూపుతుంటాడు. చెప్పేవాడి మనసు అప్పటికే కొత్త ఆఫీసు దారి పట్టి ఉంటుంది. ఆఖరి రోజు కేకు కోస్తారు, ఐడీ కార్డు తిరిగి ఇచ్చేస్తారు. వారం తిరక్కుండా ఏదో ఒక రాత్రి అలారం మోగుతుంది. విన్నవాడికి ఏమీ గుర్తుండదు.

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఎన్నో కేటీలు ఇచ్చాను, ఎన్నో తీసుకున్నాను. వాటిలో లోపం ఎవరి బద్ధకం వల్లా రాదు. తనకేం తెలుసో మనిషికి అవసరం పడినప్పుడే గుర్తొస్తుంది. రమ్మంటే రాదు. మీటింగ్ రూములో, పగటి వెలుతురులో, ఏ మెషీనూ ఏడవని వేళ కూర్చోబెట్టి ‘మీకు తెలిసిందంతా చెప్పండి’ అంటే, ఎంత మంచివాడైనా పైపైనే చెప్పగలడు. లోతున ఉన్నది చేతివేళ్లలో ఉంటుంది, నోటిదాకా రాదు.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది 2021 మే నెలలో.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. నేను పనిచేసే చోట అప్పుడు మా సీనియర్ ఒకాయన ఉండేవారు. అందరం గురువుగారు అనేవాళ్లం. మూడు సర్వర్లు, వాటి వెనక ఒక స్టోరేజ్ ఉన్న పాత సిస్టమ్ ఒకటి ఆయన చేతుల మీదుగా పెరిగింది. జీతాల లెక్కలు దాని మీదే నడిచేవి. ఆ సిస్టమ్ పేరు చెబితే ‘అది గురువుగారిది’ అనేవాళ్లం, ఎవరి పొలమో చెప్పినట్టు. ఒక శనివారం రాత్రి కరెంటు పనుల కోసం డేటా సెంటర్‌లో అన్నీ ఆపి, పని అయ్యాక మళ్లీ ఒక్కొక్కటే ఎక్కించాం. మిగతావన్నీ లేచాయి. అది లేవలేదు. డేటాబేస్ సర్వర్ తన డిస్కులు కనబడటం లేదంటుంది. స్టోరేజ్ వైపు చూస్తే డిస్కులన్నీ బాగానే ఉన్నాయంటుంది. ఇద్దరి మధ్యా ఏం చెడిందో అందరం ఒకే లైన్ మీద కలిసే బ్రిడ్జ్ కాల్‌లో ఉన్న తొమ్మిదిమందిలో ఒక్కరికీ అంతుబట్టలేదు. గురువుగారు ఆసుపత్రిలో ఉన్నారు.

తెల్లవారుజామున ఐదింటిదాకా చూశాం. తర్వాత నేనే ఫోన్ చేశాను. ఆయన కూతురు ఎత్తింది. “అంకుల్, నాన్నని మాట్లాడొద్దన్నారు డాక్టర్లు” అంది. “సరేనమ్మా, వద్దులే” అంటూనే ఫోన్ పెట్టెయ్యలేకపోయాను. వెనక నుంచి ఏదో సైగ చేసినట్టున్నారు, ఫోన్ ఆయన చేతికి వచ్చింది. ఆక్సిజన్ బుసబుసలు వినబడుతున్నాయి. “స్టోరేజ్ ముందు” అన్నారు. ఊపిరి తీసుకున్నారు. “తర్వాత రెండు నిమిషాలు ఆగు. అది తేరుకోవాలి.” మళ్లీ ఊపిరి. “అప్పుడు డేటాబేస్.” అంతే. ఫోన్ మళ్లీ అమ్మాయి చేతికి వెళ్లింది.

అన్నీ ఆపి, ఆయన చెప్పిన వరసలో ఎక్కించాం. గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు ఆగాం. లేచింది. ఆ స్టోరేజ్ పాతది. కరెంటు వచ్చాక తన డిస్కులన్నీ ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాతే వాటిని సర్వర్లకు చూపిస్తుంది. ఈలోగా డేటాబేస్ సర్వర్ లేస్తే, డిస్కులు లేవనుకుని మొండికేస్తుంది. తెలిశాక ఇంత చిన్న విషయం. బ్రిడ్జ్‌లో అందరూ థాంక్యూలు చెప్పుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ ఉదయం నాకు నిద్రపట్టలేదు. మాకు రెండు వరసల కాగితం లేకపోబట్టి, ఊపిరి అందని మనిషి దగ్గర మూడు ఊపిర్లు అడిగి తీసుకున్నాను. ఆ బాకీ ఇప్పటికీ నా లెక్కలో ఉంది.

దేవుడి దయ, ఆయన కోలుకున్నారు. జులైలో తిరిగి పనిలో చేరారు, ఇంటి నుంచే. మొదటి రోజే నాకు ఫోన్ చేసి, “ఏమోయ్, నేను చెబితే తప్ప అది లేవదని ఇన్నేళ్లూ లోపల్లోపల ఒక సంతోషం ఉండేది నాకు. ఆ రోజు మంచం మీద దాని బరువు తెలిసింది. రోజూ సాయంత్రం నాలుగింటికి కూర్చుందాం. నేను చెబుతాను, నువ్వు రాయి” అన్నారు.

అలా మొదలుపెట్టాం. సగం పని వినడంలోనే ఉందని ఆ సాయంత్రాల్లో తెలిసింది. మా రంగంలో రాతకోతలన్నీ ఇంగ్లీషులోనే. రన్‌బుక్ అయినా, ఎస్‌ఓపీ అయినా, తప్పు జరిగాక రాసే ఆర్‌సీఏ అయినా. మాట్లాడుకునేది మాత్రం తెలుగులో. టీ కొట్టు దగ్గర నిలబడి ఒక సమస్యని కళ్లకు కట్టినట్టు చెప్పగలిగిన కుర్రాడు, అదే రాయమంటే గంటసేపు ఖాళీ పేజీ చూస్తూ కూర్చుంటాడు. గ్రామర్ తప్పుతుందేమో, అమెరికా వాళ్లు చదివి నవ్వుతారేమో అన్న భయం. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లం ఎంతోమందిమి ఈ భయాన్ని మోశాం. దాని వల్ల ఎంత తెలివి రాతకెక్కకుండా పోయిందో! నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అందుకే మేమొక పద్ధతి పెట్టుకున్నాం. తెలిసినవాళ్లు తెలుగులో చెప్పాలి, పక్కవాళ్లు చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాలి. భాష గురించి ఎవరూ వ్యాఖ్యానించకూడదు.

ఈ పద్ధతికి నాకు ధైర్యమిచ్చిన పాత కాగితం ఒకటుంది. 1969 ఏప్రిల్‌లో, ఇంకా ఇంటర్నెట్ అన్న పేరు కూడా లేని రోజుల్లో, కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజిలిస్‌లో చదువుకుంటున్న స్టీవ్ క్రాకర్ అనే కుర్రాడు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో తోటివాళ్లతో కలిసి ఆలోచించి, ఆ ఆలోచనలను కాగితాల మీద పెట్టి అందరికీ పంపడం మొదలుపెట్టాడు. పెద్దలెవరైనా ‘మీరెవర్రా నిర్ణయించడానికి’ అంటారేమోనని, వాటికి ‘రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్’ అని పేరు పెట్టాడు. మీ అభిప్రాయం చెప్పండి అని అడుగుతున్నట్టు. ఇవాళ ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్‌కి ధర్మశాస్త్రాలు. వాటిలో మూడోది, ఈ కాగితాలు ఎలా రాయాలో చెప్పేది, చాలా పొట్టిది. చక్కగా చెక్కిన రాత కన్నా వేళకు అందిన రాతే మేలని దాని సారాంశం. ఒక నోట్‌కి కనీసం ఎంత పొడవుండాలో కూడా అందులో చెప్పారు: ఒక్క వాక్యం చాలట. ‘ఒక్క వాక్యం రాయి చాలు’ అని ఇప్పటికి ఎంతమందికి చెప్పానో! చెప్పినప్పుడల్లా ఎదుటి ముఖంలో బిగువు సడలడం చూస్తాను.

గురువుగారితో రాస్తున్నప్పుడు ఇంకొకటి గమనించాను. ఏం చెయ్యాలో ఆయన గబగబా చెప్పేసేవారు. ఎందుకు అని అడిగితే ఆగిపోయేవారు. కిటికీలోకి చూసేవారు. ఒక స్క్రిప్ట్ మధ్యలో, ఏమీ చెయ్యకుండా కాసేపు ఆగమని చెప్పే వరస ఒకటుంది. దాని పక్కన ఏ వివరమూ లేదు. అంతకు ఏడాది ముందు ఒక చురుకైన కుర్రాడు అది వృథా అనుకుని తీసేశాడు. ఆ నెల జీతాల ఫైలు సగమే వెళ్లింది. తప్పు ఎవరిదంటే ఏం చెబుతాం? కుర్రాడు తనకు కనిపించిన దాన్నిబట్టి సరిగానే ఆలోచించాడు. పెట్టినాయన కారణం పెట్టలేదు. ‘ఇలా చెయ్యి’ అని మాత్రమే రాసి పెడితే తర్వాతివాడు బంటు అవుతాడు. ‘ఇందుకని ఇలా చేశాను’ అని రాస్తే, ఆ కారణం చెల్లిపోయిన రోజున దాన్ని తీసేసే హక్కు కూడా అతనికి వస్తుంది.

ఇక తెలియనిది. అది రాయడానికి ఇంకా గుండె కావాలి. న్యూజెర్సీలో ముర్రే హిల్ అనే చోట బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినప్పుడు, 1971 నవంబర్ 3 తేదీ వేసి దానికొక మాన్యువల్ అచ్చొత్తారు. ఒక్కో కమాండ్‌కి ఒక్కో పేజీ. పేరు, వాడే తీరు, వివరణ, ఏయే ఫైళ్లను ముట్టుకుంటుంది, ఆ తర్వాత ‘బగ్స్’ అని ఒక శీర్షిక, చివర ఎవరిదో పేరు. బగ్స్ అంటే లోపాలు. తాము చేసిన వస్తువు గురించి రాసిన పేజీలోనే, అది ఎక్కడ సరిగా పనిచెయ్యదో తామే రాసి పెట్టారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆ మాన్యువల్ వారసులైన ‘మ్యాన్’ పేజీల్లో ఆ శీర్షిక బతికే ఉంది. నాకు ఈ వృత్తి మీద గౌరవం కలిగించిన విషయాల్లో అదొకటి. పెళ్లిచూపుల్లో పిల్లాడి గురించి చెప్పేటప్పుడు, సంతలో ఎద్దుని చూపేటప్పుడు ఎవరూ ఆ శీర్షిక పెట్టరు. మా పేజీలన్నిటికీ అడుగున మేమూ ఒకటి పెట్టుకున్నాం, ‘ఇంకా తెలియనివి’ అని. మొదట్లో ఎవరూ అందులో రాయలేదు. గురువుగారు తన పేజీలో నాలుగు విషయాలు రాశాక, మిగతావాళ్లూ రాయడం మొదలుపెట్టారు.

మా తాతగారి ఊళ్లో కరణం గారి ఇల్లు గుర్తొస్తుంది నాకు. ఎవరి పొలం గట్టు ఎక్కడ, ఎవరు ఎవరికి అమ్మారు, శిస్తు ఎంత, అంతా ఆయన కవిలెకట్టలో ఉండేది. రాసింది గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే రాత. ఆ చేయి అలవాటున్నవాళ్లకు తప్ప బడికి వెళ్లి చదువుకున్న మనిషికి కూడా అది కొరుకుడు పడేది కాదు. తన పొలం గురించి రాసి ఉన్నదాన్నే రైతు చదువుకోలేక, అరుగు కింద నిలబడి ‘ఏం రాసుందండయ్యా’ అని అడగాలి. కరణాలు శ్రద్ధగా రాశారు, అది ఒప్పుకోవాలి. కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్ల సాయంతో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కైఫీయత్తులు అనే ఊరి చరిత్రలు సేకరించినప్పుడు, ఎన్నో ఊళ్ల చరిత్ర ఆ కవిలెల్లోంచే దొరికింది. కానీ 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను ఎత్తేసిన తర్వాత, మా తాతగారి ఊళ్లో ఆ కట్టలు కొన్నేళ్లు అటకమీదే ఉండిపోయాయి. రాసి ఉంది, చదివేవాళ్లు లేరు. నా మొదటి పదేళ్ల నోట్స్ తీసి చూసుకుంటే అవీ గొలుసుకట్టే అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలే, నాకు మాత్రమే అర్థమయ్యే పొట్టిగుర్తులు. నా లాప్‌టాప్‌లో, నా ఫోల్డర్‌లో.

అందుకే రాయడం ఒక మెట్టయితే, పదిమందీ దిద్దగలిగే చోట పెట్టడం ఇంకో మెట్టు. ఆ రెండోది నాకు చాలా కష్టమైంది.

డిస్క్ నిండిపోతే ఏం చెయ్యాలో ఒక పేజీ రాశాను. మా పనిలో తరచుగా వచ్చే కష్టమే ఇది. సర్వర్‌లో లాగ్ ఫైల్ పెరిగి పెరిగి చోటంతా మింగేస్తుంది. కొత్తవాళ్లు కంగారులో ఆ ఫైల్‌ని డిలీట్ చేస్తారు. అయినా చోటు రాదు. డిస్క్‌లో చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే నిండుగా ఉందంటుంది, ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే లేదంటుంది. కారణమేంటంటే, ఆ ఫైల్‌లోకి రాస్తున్న ప్రోగ్రామ్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. మనకు పేరు చెరిగిపోయిందే కానీ, ప్రోగ్రామ్ వదిలేదాకా చోటు ఖాళీ కాదు. కాబట్టి ఫైల్‌ని తీసెయ్యకుండా, ఉన్నచోటే లోపలి సరుకు ఖాళీ చెయ్యాలి. ఇప్పటికే తీసేసి ఉంటే సర్వీస్‌ని రీస్టార్ట్ చెయ్యాలి. ఇదంతా ముచ్చటగా రాశాను. చదువుకుని నాకు నేనే మెచ్చుకున్నాను.

కాలేజీ నుంచి వచ్చి ఆరు నెలలైనా కాని అమ్మాయి ఒకతె ఒక నైట్ షిఫ్ట్‌లో ఆ పేజీ వాడింది. పొద్దున చూస్తే నా వాక్యాల్లో ఎర్రగీతలు. ‘సర్వీస్‌ని రీస్టార్ట్ చెయ్యండి’ అన్న చోట, ‘ఏ సర్వీస్? ఈ సర్వర్ మీద రెండున్నాయి. రెండోది రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఆపకూడదు, బిల్లింగ్ నడుస్తుంటుంది’ అని చేర్చింది. ఇంకో చోట నేను ‘సింపుల్‌గా’ అని రాస్తే ఆ మాట కొట్టేసింది.

నాకు ముందు వచ్చింది కోపమే. చెవులు వేడెక్కాయి. టీ తాగి వచ్చి మళ్లీ చదివాను. బిల్లింగ్ సంగతి నాకు పదిహేనేళ్లుగా తెలుసు, ఎంత తెలుసంటే రాయాలని కూడా తోచనంత. తనకు ఆ రాత్రే తెలిసింది, ఎవరినో అడిగి. ఆపబోయి ఆగిందట. ఆ మాట ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగాను. “సార్, రాత్రి రెండున్నరకి చేతులు వణుకుతున్నప్పుడు అది చదివితే, ఇంత సింపుల్‌ది నాకు రావట్లేదా అనిపించింది” అంది. ఆ తర్వాత నా పేజీలన్నీ తెరిచి ఆ మాట ఎక్కడెక్కడుందో వెతికి తీసేశాను. ముప్పైకి పైగా చోట్ల ఉంది.

ఎవరైనా, ఏ పేజీనైనా, అక్కడికక్కడ దిద్దవచ్చు అన్న ఆలోచనతో వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో మొదటి వికీని తెరిచినప్పుడు, పాడుచేస్తారు కదా అన్న అనుమానం అందరికీ వచ్చే ఉంటుంది. ఆయన దానికి హవాయి భాషలో ‘త్వరగా’ అనే అర్థమున్న పేరు పెట్టాడు, హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు విని. ఆ బస్సులాగే అందులోకి ఎవరైనా ఎక్కవచ్చు. నా వాక్యం మీద ఇంకొకరి గీత పడ్డ ఉదయం దాకా ఆ ఆలోచనకి ఎంత వినయం కావాలో నాకు తెలియలేదు.

ఆ వినయం ఒక సంస్థకి సంస్థే చూపించిన సందర్భం కూడా ఉంది. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌లాబ్‌లో, అలసిపోయిన ఇంజనీర్ ఒకాయన ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద డేటా తుడిచేశాడు. తేరుకుని ఆపేసరికి మూడువందల గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలింది. బ్యాకప్‌లు చూస్తే అవి కొంతకాలంగా సరిగా నడవడమే లేదు. ఎవరో వేరే అవసరానికి ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికి గట్టెక్కించింది. వాళ్లు ఏం చేశారంటే, లోపల రాసుకుంటున్న నోట్స్‌నే ప్రపంచమంతా చూసేలా తెరిచిపెట్టారు. ఏం పోయింది, ఏం పనిచెయ్యలేదు, ఇప్పుడేం ప్రయత్నిస్తున్నాం, అంతా. ఆ రోజు హైదరాబాద్‌లో కూర్చుని అది చదువుతూ, నేనూ నా బ్యాకప్‌లు తీసి ఒకసారి రిస్టోర్ చేసి చూసుకున్నాను. అలా ఎంతమంది చూసుకుని ఉంటారో.

రాసిన వాటిని అలా వదిలేసినా ముప్పే. పాతబడ్డ పేజీ, లేని పేజీ కన్నా ప్రమాదం. లేకపోతే మనిషి జాగ్రత్తగా అడుగేస్తాడు, ఉంటే నమ్మి వేస్తాడు. చెరువుకి ఏటా వేసవిలో పూడిక తీసినట్టు వీటికీ తియ్యాలి. మేము ప్రతి నెలా ఒక శుక్రవారం మధ్యాహ్నం అదే పని పెట్టుకున్నాం. ఆ సిస్టమ్ గురించి ఏమీ తెలియని వాళ్ల చేతికి పేజీ ఇచ్చి, టెస్ట్ మెషీన్ మీద అక్షరం తప్పకుండా అందులో ఉన్నట్టు చెయ్యమంటాం. రాసినవాళ్లు పక్కన కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. ఎక్కడ ఆగిపోతే అక్కడ పేజీ తప్పు, మనిషిది కాదు. నోరు విప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

పోయిన ఏడాది ఆ పాత స్టోరేజ్‌ని తీసేసి కొత్తది పెట్టాం. గురువుగారు అప్పటికి రిటైరై కాకినాడ వెళ్లిపోయారు. ఆయన వెళ్లేటప్పుడు కేటీ మీటింగ్ ఒక్కటీ పెట్టలేదు, అవసరం పడలేదు. కొత్త స్టోరేజ్ వచ్చాక జరిగిన శుక్రవారం సమావేశంలో, నా పేజీ దిద్దిన ఆ అమ్మాయే గురువుగారి సిస్టమ్ పేజీ పట్టుకుంది. ఒక్కో వరసా చేసుకుంటూ వచ్చి, మూడో వరస దగ్గర ఆగింది. డేటాబేస్ ఎక్కించే ముందు రెండు నిమిషాలు ఆగు. కింద కారణం కూడా ఉంది: స్టోరేజ్ తన డిస్కులను సరిచూసుకునేదాకా వాటిని చూపించదు. మూడుసార్లు ఆపి ఎక్కించి చూసింది. కొత్తదానికి ఆ ఇబ్బంది లేదు. డిస్కులు చూపించాకే అది సిద్ధమని చెబుతుంది.

“ఈ వరస అక్కర్లేదు కదా సార్, తీసెయ్యమంటారా?” అంది.

ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో తనకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఉండనీ అనాలని నోటిదాకా వచ్చింది. ఒక్క నిమిషం అని బయటికి వచ్చి కాకినాడ ఫోన్ చేశాను. మొక్కలకు నీళ్లు పోస్తున్నట్టున్నారు, చప్పుడు వినబడుతోంది. విషయం చెప్పాను.

“మరి ఇంకా ఎందుకుంచారోయ్? రాత్రిపూట ఎవరో పాపం ఊరికే రెండు నిమిషాలు నిలబడతారు. తీసెయ్యండి” అన్నారు. ఆ తర్వాత, మామిడికాయ ఈసారి బాగా కాసిందని, వీలు చూసుకుని రమ్మని చెప్పారు.

లోపలికి వచ్చి తనకు తలూపాను. మూడో వరస పోయింది. నాలుగోది పైకి జరిగి మూడోదైంది. తను తర్వాతి వరస చదవడం మొదలుపెట్టింది.